కాగితం మీది విశ్వవిద్యాలయాలు: సమాచార యుగానికి రాయ్‌పూర్ చెప్పిన పాఠం



"ప్రపంచ సమాచార ఆర్థిక వ్యవస్థ ఉన్నత విద్యపై చూపే ప్రభావం" అనే అంశం ఎస్సే పేపర్‌కు సిద్ధమయ్యే వారందరికీ ఏదో ఒక రూపంలో ఎదురవుతుంది. మనలో చాలామంది రాసే జవాబు ఒకే మూసలో ఉంటుంది. ఇంటర్నెట్ వచ్చింది, జ్ఞానం అందరికీ చేరువైంది, ఆన్‌లైన్ కోర్సులు పెరిగాయి, డిజిటల్ అంతరం ఒక సవాలు, ప్రభుత్వం చర్యలు తీసుకోవాలి. ఇందులో తప్పేమీ లేదు. కానీ పేపర్ దిద్దే వారికి ఇందులో కొత్త విషయం ఒక్కటీ కనిపించదు. మనకూ రాసిన తర్వాత ఏమీ తేలినట్టు ఉండదు.

ఈ వ్యాసంలో నేను ఒక వాదన మీ ముందు పెడతాను. సమాచారం చౌక అయ్యే కొద్దీ డిగ్రీ ఖరీదవుతుంది. డిగ్రీ ఖరీదైన చోట చదువు లేని డిగ్రీని అమ్మేవాళ్లు పుట్టుకొస్తారు. కాబట్టి ఈ యుగంలో ప్రభుత్వం చేయవలసిన మొదటి పని, విశ్వవిద్యాలయం అనే మాటకు ఉన్న నమ్మకాన్ని కాపాడటం. కంప్యూటర్లు పంచడం ఆ తర్వాతి మాట. దీనికి ఉదాహరణ కోసం దూరం వెళ్లనక్కరలేదు. మన దేశంలో ఈ విషయం మీద అతి పెద్ద పాఠం ఛత్తీస్‌గఢ్ రాజధాని రాయ్‌పూర్‌లోనే ఉంది.

ముందుగా: సమాచార ఆర్థిక వ్యవస్థ అంటే ఏమిటి?

బొగ్గు, ఇనుము, వరి లాంటి వస్తువులకు బదులు సమాచారాన్ని తయారు చేయడం, నిల్వ చేయడం, పంచడం, వాడటం వల్ల సంపద ఎక్కువగా పుట్టే వ్యవస్థను సమాచార ఆర్థిక వ్యవస్థ అంటాం. ఆర్థికవేత్త ఫ్రిట్జ్ మాక్లప్ 1962లోనే అమెరికాలో జ్ఞాన ఉత్పత్తిని ఒక పరిశ్రమలా లెక్కగట్టే ప్రయత్నం చేశాడు. పీటర్ డ్రకర్ అంతకు ముందే, 1950ల చివర్లో, 'నాలెడ్జ్ వర్కర్' అనే మాటను వాడుకలోకి తెచ్చాడు. అంటే ఈ ఆలోచన ఇంటర్నెట్ కంటే పాతది.

1995లో ప్రపంచ వాణిజ్య సంస్థతో పాటు గాట్స్ ఒప్పందం అమల్లోకి వచ్చింది. సేవల వ్యాపారాన్ని అది నాలుగు రకాలుగా విడదీసింది. చదువుకు వాటిని అన్వయించి చూడండి:

- సేవ ఒక్కటే సరిహద్దు దాటడం: రాయ్‌పూర్‌లో కూర్చుని విదేశీ ఆన్‌లైన్ కోర్సు చదవడం.
- వినియోగదారుడే విదేశానికి వెళ్లడం: గుంటూరు కుర్రాడు ఎమ్మెస్ కోసం టెక్సాస్ వెళ్లడం.
- సంస్థ వచ్చి ఇక్కడ దుకాణం తెరవడం: విదేశీ విశ్వవిద్యాలయం మన దేశంలో క్యాంపస్ పెట్టడం.
- మనుషులు పని కోసం వెళ్లడం: అధ్యాపకులు, పరిశోధకులు దేశాలు మారడం.

ఈ నాలుగింటినీ గుర్తుపెట్టుకోండి. ఎస్సేలో చెల్లాచెదురుగా ఉండే ఉదాహరణలను ఒక క్రమంలో పెట్టుకోవడానికి ఇవి పనికొస్తాయి. మన దేశం 2005లో సమర్పించిన సవరించిన ప్రతిపాదనలో ఉన్నత విద్యను కూడా చేర్చింది. 2023లో యూజీసీ విదేశీ విశ్వవిద్యాలయాల క్యాంపస్‌లకు నిబంధనలు తెచ్చింది. ఈ రెంటి మధ్య పద్దెనిమిదేళ్ల దూరం ఉన్నా దారి మాత్రం ఒకటే.

రాయ్‌పూర్‌లో ఏం జరిగింది?

ఛత్తీస్‌గఢ్ 2000 నవంబర్ 1న ఏర్పడింది. అడవులు, గనులు, వరి పొలాలు ఉన్న రాష్ట్రం. ఉన్నత విద్యా సంస్థలు తక్కువ. రాయ్‌పూర్‌లోని పండిట్ రవిశంకర్ శుక్లా విశ్వవిద్యాలయం 1964 నుంచి నడుస్తోంది. 1956లో మైనింగ్, మెటలర్జీ కాలేజీగా పుట్టిన ప్రభుత్వ ఇంజనీరింగ్ కాలేజీ 2005లో ఎన్‌ఐటీ అయింది. ఐఐఎం, ఎయిమ్స్, ఐఐటీ లాంటివి ఇంకా రాలేదు.

ఆ పరిస్థితిలో 2002లో రాష్ట్ర శాసనసభ ప్రైవేటు విశ్వవిద్యాలయాల చట్టం చేసింది. అందులోని సెక్షన్ 5 ప్రకారం రాష్ట్ర ప్రభుత్వం గెజిట్‌లో ఒక నోటిఫికేషన్ ఇస్తే చాలు, విశ్వవిద్యాలయం పుట్టినట్టే. ఒక్కో విశ్వవిద్యాలయానికి ఒక్కో చట్టం అవసరం లేదు. ముందుగా భవనం, ప్రయోగశాల, అధ్యాపకులు ఉన్నారా అని చూడవలసిన అవసరం కూడా లేదు. పైగా రాష్ట్రం బయట కూడా కేంద్రాలు తెరుచుకునే వీలు ఆ చట్టంలో ఉంది.

ఫలితం ఊహించవచ్చు. దాదాపు ఏడాది కాలంలో 112 విశ్వవిద్యాలయాలు పుట్టాయి. అప్పటికి రెండేళ్లు నిండిన రాష్ట్రం అది. వాటిలో చాలా వాటికి భవనం గానీ క్యాంపస్ గానీ లేవు. చిరునామా రాయ్‌పూర్‌ది. చేరే విద్యార్థులు దేశంలో ఎక్కడి వాళ్లయినా కావచ్చు.

ప్రముఖ భౌతిక శాస్త్రవేత్త, యూజీసీ మాజీ అధ్యక్షుడు ప్రొఫెసర్ యశ్‌పాల్ దీనిపై సుప్రీంకోర్టుకు వెళ్లారు. 2005 ఫిబ్రవరి 11న తీర్పు వచ్చింది. ప్రధాన న్యాయమూర్తి ఆర్.సి. లహోటీ, జస్టిస్ జి.పి. మాథుర్, జస్టిస్ పి.కె. బాలసుబ్రమణ్యన్‌ల ధర్మాసనం ఆ చట్టంలోని 5, 6 సెక్షన్లను కొట్టేసింది. ఆ నోటిఫికేషన్లన్నీ రద్దయ్యాయి. ఆ విశ్వవిద్యాలయాలన్నీ ఒక్క రోజుతో లేకుండా పోయాయి.

తీర్పులో మనం పట్టుకోవలసిన మూడు విషయాలు

జీఎస్-2 చదివే వారికి ఈ కేసు బంగారు గని. 'ప్రొఫెసర్ యశ్‌పాల్ వర్సెస్ స్టేట్ ఆఫ్ ఛత్తీస్‌గఢ్' అని ఒక లైన్ రాసి వదిలేయకండి. లోపలి తర్కం చూడండి.

మొదటిది, అధికారాల విభజన. విశ్వవిద్యాలయాన్ని స్థాపించే అధికారం రాష్ట్ర జాబితాలోని 32వ అంశం కింద రాష్ట్రానికి ఉంది. ఉన్నత విద్యా ప్రమాణాల సమన్వయం, నిర్ణయం కేంద్ర జాబితాలోని 66వ అంశం కింద పార్లమెంటుకు ఉంది. విద్య మొత్తంగా ఉమ్మడి జాబితాలోని 25వ అంశం. 1976 నాటి 42వ సవరణతో అది అక్కడికి చేరింది. స్థాపన పేరుతో రాష్ట్రం చేసే పని, ప్రమాణాలు కాపాడే కేంద్రం అధికారాన్ని అర్థం లేనిదిగా మార్చకూడదని కోర్టు చెప్పింది.

రెండోది, విశ్వవిద్యాలయం అంటే ఏమిటి అనే ప్రశ్న. యూజీసీ చట్టంలోని సెక్షన్ 22 ప్రకారం డిగ్రీ ఇచ్చే హక్కు చట్టం ద్వారా ఏర్పడిన విశ్వవిద్యాలయాలకు, డీమ్డ్ హోదా ఉన్న వాటికి, పార్లమెంటు ప్రత్యేకంగా అధికారం ఇచ్చిన వాటికి మాత్రమే ఉంది. ఆ హక్కు వెనుక బోధన, వసతులు, పరిశోధన ఉండాలి. అవేవీ లేకుండా ఒక ప్రతిపాదన కాగితాన్ని చూసి డిగ్రీ ఇచ్చే హక్కు ఇవ్వడం కుదరదు.

మూడోది, సరిహద్దు. ఒక రాష్ట్ర శాసనసభ తన రాష్ట్రం కోసం చట్టం చేస్తుంది. తాను పుట్టించిన విశ్వవిద్యాలయం ఇతర రాష్ట్రాల్లో కేంద్రాలు తెరవవచ్చని చెప్పే అధికారం దానికి లేదు.

ఇంకొక మాట కూడా మరవకండి. కోర్టు విద్యార్థులను గాలికి వదిలేయలేదు. నిజంగా నడుస్తున్న సంస్థలను రాష్ట్రంలో అప్పటికే ఉన్న ప్రభుత్వ విశ్వవిద్యాలయాలకు అనుబంధం చేసి విద్యార్థుల భవిష్యత్తును కాపాడే దారి చూపింది. తప్పు చేసిన సంస్థను మూయడం, మోసపోయిన విద్యార్థిని కాపాడటం అనేవి రెండు వేర్వేరు పనులు. పరిపాలనలో ఈ తేడా తెలియకపోతే న్యాయం చేయబోయి అన్యాయం చేస్తాం.

ఇది సమాచార యుగపు సమస్య ఎలా అవుతుంది?

ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుంది. ఇది అవినీతి కథో, నిర్లక్ష్యం కథో కదా, దీనికి ప్రపంచ సమాచార ఆర్థిక వ్యవస్థతో సంబంధం ఏమిటి అని మీరు అడగవచ్చు.

సంబంధం ఉంది. గనిలో పనికి మనిషిని తీసుకునేటప్పుడు అతని బలం, పనితనం కళ్లతో చూడవచ్చు. కోడ్ రాసే పనికో, లెక్కలు విశ్లేషించే పనికో వేలమంది దరఖాస్తు చేస్తే, వాళ్ల తలల్లో ఏముందో యజమానికి కనిపించదు. అప్పుడు అతను కాగితం చూస్తాడు. మైఖేల్ స్పెన్స్ 1973లో వివరించింది ఇదే: డిగ్రీ అనేది చదువుతో పాటు ఒక సంకేతం కూడా. ఆ సంకేతానికి విలువ ఉండాలంటే దాన్ని సంపాదించడం అర్హత లేనివాడికి కష్టంగా ఉండాలి. జార్జ్ అకెర్లాఫ్ 1970లో పాత కార్ల సంతను ఉదాహరణగా తీసుకుని ఇంకో మాట చెప్పాడు. కొనేవాడికి మంచి బండి ఏదో, పాడు బండి ఏదో తెలియకపోతే అన్నింటికీ ఒకే ధర పలుకుతుంది. దాంతో మంచి బండ్లు సంత నుంచి తప్పుకుంటాయి. వీరిద్దరికీ జోసెఫ్ స్టిగ్లిట్జ్‌తో కలిపి 2001లో నోబెల్ బహుమతి వచ్చింది.

ఇప్పుడు రాయ్‌పూర్‌కు దీన్ని అన్వయించండి. 112 విశ్వవిద్యాలయాలు పేరుకు ఒకేలాంటి డిగ్రీలు ఇస్తుంటే, నిజంగా ప్రయోగశాల కట్టి, అధ్యాపకులకు జీతాలిచ్చే సంస్థ ఎందుకు ఖర్చు పెడుతుంది? నిజాయితీగా చదివిన బిలాస్‌పూర్ విద్యార్థి సర్టిఫికెట్‌ను కూడా బయటి యజమాని అనుమానంగా చూస్తాడు. నకిలీ నోటు వల్ల మొదట నష్టపోయేది అసలు నోటు జేబులో ఉన్నవాడే. నా దృష్టిలో ఈ కేసులో అసలు బాధితుడు ఆ నిజాయితీపరుడైన విద్యార్థి.

ఇదే కాగితం సముద్రం దాటినప్పుడు

తెలుగువాళ్లకు ఈ కథ కొత్త కాదు. మనం దీన్ని ఇంకా పెద్ద మూల్యం చెల్లించి నేర్చుకున్నాం.

కాలిఫోర్నియాలోని ప్లెజంటన్‌లో ట్రైవ్యాలీ యూనివర్సిటీ అనే సంస్థ ఉండేది. 2011 జనవరిలో అమెరికా అధికారులు దానిపై దాడి చేశారు. అక్కడ నమోదైన వారు 1,500 మందికి పైగా. ఎక్కువమంది భారతీయులు, వారిలో అధికశాతం అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్లినవారు. కొందరి కాళ్లకు రేడియో కాలర్లు తగిలించారు. ఆ ఫొటోలు చూసి మన జిల్లాల్లో ఎన్ని ఇళ్లలో ఆ రాత్రి అన్నం ముద్ద దిగలేదో చెప్పలేం. దాని అధిపతికి 2014లో 16 ఏళ్లకు పైగా జైలు శిక్ష పడింది.

తర్వాత 2019 జనవరి. మిషిగన్‌లో ఫార్మింగ్టన్ యూనివర్సిటీ పేరుతో ఒక సంస్థ. దానికి వెబ్‌సైట్ ఉంది, పేరు ఉంది, ఫీజు ఉంది. తరగతులు లేవు, పాఠం చెప్పేవాళ్లు లేరు. ఎందుకంటే దాన్ని నడిపింది అమెరికా హోంల్యాండ్ సెక్యూరిటీ అధికారులే. వీసా మోసాలను పట్టుకోవడానికి పన్నిన వల అది. సుమారు 600 మంది అందులో చేరారు. పెద్ద భాగం మళ్లీ మన తెలుగు పిల్లలే. విద్యార్థులను చేర్పించిన ఎనిమిది మంది మధ్యవర్తులపై కేసులు పెట్టారు.

ఈ రెండు ఘటనలను రాయ్‌పూర్ పక్కన పెట్టి చూడండి. 2002లో గెజిట్ నోటిఫికేషన్, 2011లో వీసాకు పనికొచ్చే ఒక పత్రం, 2019లో ఒక వెబ్‌సైట్. మూడు చోట్లా చదువు లేదు. మూడు చోట్లా ఎవరో అధికారం ఉన్నవాళ్లు వేసిన ముద్ర ఉంది. విద్యార్థులు చూసి నమ్మింది ఆ ముద్రనే.

అలా చేరినవాళ్లందరూ అమాయకులేనా? కాదు. తరగతులు లేవని తెలిసి, పని చేసుకునే వీలు కోసం చేరినవాళ్లూ ఉన్నారు. అయితే వాళ్లను తప్పుబట్టే ముందు ఒక ప్రశ్న వేసుకోవాలి. అప్పు చేసి, పొలం తాకట్టు పెట్టి వెళ్లిన కుర్రాడికి ఆ కాగితం ఎందుకంత అవసరమైంది? అతని నైపుణ్యాన్ని చూసే వ్యవస్థ ఎక్కడా లేదు కాబట్టి. ప్రపంచ మార్కెట్‌లోకి వెళ్లే తలుపు దగ్గర అడిగేది కాగితమే కాబట్టి.

రాష్ట్రం వైపు వాదన కూడా వినాలి

మంచి ఎస్సేలో ప్రతివాదనను బలంగా చెప్పాలి. గడ్డిబొమ్మను నిలబెట్టి కొట్టడం కాదు.

ఛత్తీస్‌గఢ్ వైపు నుంచి చూస్తే వాదన ఇలా ఉంటుంది. కొత్త రాష్ట్రం. ఖజానాలో డబ్బు తక్కువ. గిరిజన జనాభా ఎక్కువ. కాలేజీకి వెళ్లే వయసు వారిలో కాలేజీలో ఉన్నవారి శాతం దేశ సగటు కంటే తక్కువ. ప్రభుత్వం ఒక్కటే విశ్వవిద్యాలయాలు కట్టాలంటే రెండు తరాలు పడుతుంది. ప్రైవేటు పెట్టుబడి రావాలంటే అనుమతులు సులువుగా ఉండాలి. అదే 2002లో టీఎంఏ పాయ్ కేసులో సుప్రీంకోర్టే ప్రైవేటు సంస్థలకు విద్యారంగంలో విస్తృత స్వేచ్ఛ ఇచ్చింది. అంతకు ముందు 1993లో, ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్లిన ఉన్నికృష్ణన్ కేసులో తెచ్చిన ఫీజుల పథకాన్ని పక్కన పెట్టింది. అలాంటప్పుడు ఒక పేద రాష్ట్రం తలుపులు తెరిస్తే తప్పేమిటి?

ఈ వాదనలో సత్యం ఉంది. సామ్ పిట్రోడా నేతృత్వంలోని జాతీయ జ్ఞాన కమిషన్ కూడా దేశానికి 1,500 విశ్వవిద్యాలయాలు కావాలని సిఫారసు చేసింది. 2020 జాతీయ విద్యా విధానం 2035 నాటికి స్థూల నమోదు నిష్పత్తిని 50 శాతానికి చేర్చాలంటోంది. 2021-22 సర్వే ప్రకారం అది 28.4 శాతం. అంటే సీట్లు చాలా పెరగాలి. అందుకు ప్రైవేటు సంస్థలు లేకుండా కుదరదు.

కానీ ఈ వాదన ఒక చోట కూలిపోతుంది. పెట్టుబడి తేవడానికి తలుపు తెరిచామన్నారు. వచ్చింది పెట్టుబడి కాదు. భవనం లేని చోట పెట్టుబడి ఎక్కడుంది? డిగ్రీ ఇచ్చే హక్కు ఒక్కటే అక్కడ చేతులు మారింది. ఆ హక్కు ప్రభుత్వానిది, అంటే ప్రజలది. బొగ్గు గని లీజులాగే అది కూడా ప్రజల ఆస్తి. గనిని ఉచితంగా రాసిస్తే మనం ప్రశ్నిస్తాం. డిగ్రీ హక్కును గెజిట్‌లో ఒక పేజీతో రాసిస్తే అభివృద్ధి అంటామా?

ఇంకా, తీర్పు తర్వాత ఛత్తీస్‌గఢ్‌లో ప్రైవేటు విశ్వవిద్యాలయాలు ఆగిపోలేదు. 2005లో కొత్త చట్టం వచ్చింది. వాటిని పర్యవేక్షించే నియంత్రణ కమిషన్ ఏర్పడింది. ఆ తర్వాత రాయ్‌పూర్ చుట్టుపక్కల క్యాంపస్‌లు ఉన్న ప్రైవేటు విశ్వవిద్యాలయాలు వచ్చాయి. అంటే నియమం పెట్టినంత మాత్రాన పెట్టుబడి పారిపోదు. పారిపోయేది పెట్టుబడి పేరు పెట్టుకున్నదే.

జ్ఞానం చౌకైంది, కానీ ఎవరికి?

ఇంకో వైపు కూడా చూద్దాం. ఎంఐటీ తన పాఠాలను ఇంటర్నెట్‌లో ఉచితంగా పెడతామని 2001లో ప్రకటించింది. మన ఐఐటీలు, ఐఐఎస్‌సీ కలిసి 2003లో ఎన్‌పీటెల్ మొదలుపెట్టాయి. 2017లో స్వయం వేదిక వచ్చింది. ఒక సెమిస్టర్‌లో 40 శాతం వరకు క్రెడిట్లను స్వయం కోర్సుల ద్వారా తీసుకునే వీలును యూజీసీ 2021లో కల్పించింది. బస్తర్‌లోని ఒక డిగ్రీ కాలేజీ విద్యార్థిని ఐఐటీ ప్రొఫెసర్ పాఠం వినే అవకాశం ఉంది. ఇరవై ఏళ్ల కింద ఇది కలలో మాట.

పరిశోధన పత్రికల సంగతీ అంతే. విదేశీ ప్రచురణ సంస్థల చందాలు కట్టలేక చిన్న విశ్వవిద్యాలయాలు చాలా కాలం ఇబ్బంది పడ్డాయి. మన అధ్యాపకుడు ప్రజల డబ్బుతో పరిశోధన చేస్తాడు, వ్యాసం ఉచితంగా ఇస్తాడు, ఇంకొకరి వ్యాసాన్ని ఉచితంగా సమీక్షిస్తాడు. చివరికి అదే వ్యాసం చదవడానికి అతని లైబ్రరీ డబ్బు కట్టాలి. దీనికి జవాబుగా 2024 నవంబర్‌లో కేంద్ర మంత్రివర్గం 'వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్' పథకాన్ని ఆమోదించింది. మూడేళ్లకు 6,000 కోట్ల రూపాయలు, 30 ప్రచురణ సంస్థలు, దాదాపు 13,000 పత్రికలు, 6,300కు పైగా ప్రభుత్వ సంస్థలు. రాయ్‌పూర్‌లోని రాష్ట్ర విశ్వవిద్యాలయ విద్యార్థికి, ఢిల్లీ ఐఐటీ విద్యార్థికి ఒకే పత్రిక అందుబాటులోకి వచ్చే దారి ఇది. నేను దీన్ని మంచి అడుగుగానే చూస్తాను. అయితే ప్రజల డబ్బుతో పుట్టిన జ్ఞానానికి ప్రజలే మళ్లీ 6,000 కోట్లు కట్టాలా అనే ప్రశ్న మిగిలే ఉంది. ప్రైవేటు కాలేజీల్లో చదివే పిల్లలు ఈ పథకం బయటే ఉన్నారన్నది ఇంకో ప్రశ్న.

అందుబాటు వేరు, అందుకోవడం వేరు. ఆ పాఠం ఇంగ్లిష్‌లో ఉంటుంది. విన్న తర్వాత వచ్చే సందేహాన్ని తీర్చే మనిషి పక్కన ఉండాలి. చెప్పే మాట అర్థం కానప్పుడు ముఖం చూసి గ్రహించే గురువు ఉండాలి. కాలేజీలో అధ్యాపక పోస్టు ఖాళీగా ఉంటే, ఎంత గొప్ప వీడియో అయినా ఆ ఖాళీని నింపలేదు. ఇప్పుడు జవాబులు రాసిచ్చే కృత్రిమ మేధ కూడా వచ్చాక, గురువు అవసరం ఇంకా పెరిగింది. రాసింది విద్యార్థా, యంత్రమా అని తెలుసుకోవాలంటే ఎదురుగా కూర్చోబెట్టి నాలుగు ప్రశ్నలు అడగడం కంటే నమ్మదగిన దారి లేదు.

2025లో నవా రాయ్‌పూర్‌లో కృత్రిమ మేధ డేటా సెంటర్ పార్కుకు శంకుస్థాపన జరిగింది. అదే ప్రాంతంలో రాష్ట్ర ప్రభుత్వం, ఎన్‌టీపీసీ కలిసి 2015లో స్థాపించిన ట్రిపుల్‌ఐటీ కూడా ఉంది. కరెంటు ఛత్తీస్‌గఢ్ బొగ్గుది, నేల ఛత్తీస్‌గఢ్ రైతుది. ఆ సర్వర్ల ముందు కూర్చుని పని చేసేవాళ్లలో ఛత్తీస్‌గఢ్ కాలేజీల నుంచి వచ్చినవాళ్లు ఎందరు ఉంటారన్నదే అసలు పరీక్ష. సమాచారం నిల్వ చేసే చోటు కావడం ఒక దశ. సమాచారం పుట్టించే చోటు కావడం ఇంకో దశ. మొదటిదాన్ని కంపెనీ కడుతుంది. రెండోదాన్ని కట్టగలిగేది మంచి విశ్వవిద్యాలయమే.

మరి ఏం చేయాలి?

'వే ఫార్వర్డ్' అని రాసేటప్పుడు పది పాయింట్లు కుప్ప పోయకండి. వాదన నుంచి నేరుగా పుట్టే నాలుగు చాలు.

ఒకటి, బోధన జరిగిందన్న రుజువు బయట పెట్టాలి. ఈ రోజు డిజీలాకర్‌లో డిగ్రీ అసలుదా నకిలీదా అని క్షణంలో తెలుస్తుంది. కానీ అది ఆ కాగితం అసలుదని మాత్రమే చెబుతుంది. దాని వెనుక పాఠం జరిగిందో లేదో చెప్పదు. రాయ్‌పూర్‌లోని ఆ 112 సంస్థలు అప్పట్లో డిజిటల్ డిగ్రీలు ఇచ్చి ఉంటే అవన్నీ డేటాబేస్‌లో 'అసలు' అనే కనిపించేవి. కాబట్టి ప్రతి కోర్సుకు బోధించిన అధ్యాపకులు ఎవరు, ఎన్ని తరగతులు జరిగాయి, ఎందరు చేరి ఎందరు పూర్తి చేశారు అన్న వివరాలు ప్రజలకు కనిపించాలి.

రెండు, కొత్త విశ్వవిద్యాలయానికి శిలాఫలకం వేసే ముందు పాతదానిలో ఖాళీలు నింపాలి. ఇది వినడానికి చప్పగా ఉంటుంది. ఇందులో ప్రారంభోత్సవం ఉండదు, రిబ్బన్ ఉండదు. కానీ ఉన్నత విద్యలో ఇంతకు మించిన సంస్కరణ లేదు.

మూడు, సరిహద్దు దాటే డిగ్రీకి సరిహద్దు దాటే పర్యవేక్షణ కావాలి. రాష్ట్రం బయట కేంద్రాలు కూడదని 2005లో కోర్టు చెప్పింది. ఆన్‌లైన్ డిగ్రీకి ఆ గీత కనిపించదు. అందువల్ల యూజీసీ, రాష్ట్ర కమిషన్లు, విదేశాంగ శాఖ కలిసి పని చేయాలి. ముఖ్యంగా విద్యార్థులను విదేశాలకు పంపే కన్సల్టెన్సీలకు రిజిస్ట్రేషన్ తప్పనిసరి చేయాలి. కమీషన్ ఎవరి నుంచి తీసుకుంటున్నారో విద్యార్థికి రాతపూర్వకంగా చెప్పాలి. తెలుగు రాష్ట్రాలు ఈ పనిలో ముందుండాలి. దెబ్బ తిన్నది మనవాళ్లే కదా.

నాలుగు, భాష. మంచి పాఠాలు హిందీలో, తెలుగులో, వీలైన చోట గోండి, హల్బీ లాంటి భాషల్లో వివరణతో అందాలి. ప్రపంచ జ్ఞానం మన భాషలోకి రావడం ఎంత ముఖ్యమో, మన అడవి గురించి, నేల గురించి మనవాళ్లకున్న జ్ఞానం ప్రపంచంలోకి మన పేరుతో వెళ్లడం కూడా అంతే ముఖ్యం.

చివరిగా, మీకు ఒక మాట

రేపు మీలో కొందరు జిల్లాల్లో, సచివాలయాల్లో కూర్చుంటారు. మీ బల్ల మీదికి ఒక ఫైలు వస్తుంది. ఒక సంస్థకు అనుమతి, ఒక కోర్సుకు గుర్తింపు, ఒక కాలేజీకి అనుబంధం. అన్ని కాగితాలూ సరిగానే ఉంటాయి. ఛత్తీస్‌గఢ్‌లో ఆ 112 నోటిఫికేషన్ల వెనుక కూడా ఇలాంటి ఫైళ్లే ఉండి ఉంటాయి. ఎవరో ఒకరు ఇంకు పెన్నుతో సంతకం పెట్టారు. సంతకం పెట్టే ముందు ఒకసారి వెళ్లి ఆ భవనం ఉందో లేదో చూస్తే, ఒక శాస్త్రవేత్త సుప్రీంకోర్టు మెట్లెక్కే అవసరం ఉండేది కాదు.

ఎస్సేలో ఈ కేసు రాస్తే మార్కులు వస్తాయి, సందేహం లేదు. కానీ మార్కుల కోసం మాత్రమే గుర్తుపెట్టుకోకండి. ప్రభుత్వ ముద్ర చూసి ఒక తండ్రి పొలం అమ్మి ఫీజు కడతాడు. ఆ ముద్ర వేసే చేయి రేపు మీదే కావచ్చు.

సాధన ప్రశ్నలు:

1. "సమాచారం సులభమైన కాలంలో విశ్వవిద్యాలయం విలువ సమాచారం ఇవ్వడంలో లేదు." చర్చించండి. (ఎస్సే, 1000-1200 పదాలు)

2. ఉన్నత విద్యలో రాష్ట్రాల స్థాపనాధికారానికి, కేంద్రం ప్రమాణాల అధికారానికి మధ్య సమతుల్యాన్ని యశ్‌పాల్ కేసు వెలుగులో వివరించండి. ఆన్‌లైన్ డిగ్రీల కాలంలో ఆ సమతుల్యం సరిపోతుందా? (జీఎస్-2, 250 పదాలు)

రాసిన జవాబులను ఒకరికొకరు దిద్దుకోండి. ముఖ్యంగా ప్రతివాదన పేరాను చూడండి. అక్కడ బలం లేకపోతే మిగతా వ్యాసానికీ బలం ఉండదు.